స్టాక్‌ఫిష్ తెరిస్తే నల్ల విండో తప్ప బోర్డు రావట్లేదు: పాత ల్యాప్‌టాప్‌లో ఉచిత చెస్ ఇంజిన్ పెట్టుకోవడం

కొత్త ల్యాప్‌టాప్ కొనకండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది మొదలుపెడతాను. మీరు రాసినదంతా చదివాక నాకు అన్నిటికన్నా కంగారు పుట్టించింది అదే.

మీరు చెప్పింది ఇదీ. అమ్మాయికి పదకొండేళ్ళు, ఖమ్మంలో జిల్లా టోర్నమెంట్లు ఆడుతోంది. ఆడిన ఆటల్ని ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టి చెప్పే చెస్ ప్రోగ్రాము) పెట్టుకుని చూసుకోమని కోచ్ గారు చెప్పారు. ఇంట్లో ఉన్నది మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. స్టాక్‌ఫిష్ డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ కొడితే నల్ల విండో ఒకటి తళుక్కున మెరిసి మాయమైపోయింది. వేరే ఫైలు తెచ్చి చూస్తే ఈసారి విండో నిలబడింది గానీ బోర్డూ లేదు, పావులూ లేవు, ఒక్క ఇంగ్లిష్ లైను తప్ప ఇంకేమీ లేదు. రిపేరు షాపులో చూపిస్తే "ఈ సిస్టమ్ సరిపోదు, కొత్తది తీసుకోండి" అన్నారు.

నేను గుంటూరులో ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెస్ చెబుతున్నాను. ఈ రెండు ఇబ్బందులూ పట్టుకుని ఎవరో ఒక తండ్రో తల్లో నా దగ్గరికి వస్తూనే ఉంటారు. రెండిటికీ కారణాలు వేరు. రెండూ పావుగంటలో తీరిపోయేవే.

రెండోది ముందు చెబుతాను, అది అర్థమైతే మిగతా అంతా తేలికవుతుంది. నల్ల విండో నిలబడి, "స్టాక్‌ఫిష్, బై ది స్టాక్‌ఫిష్ డెవలపర్స్" అన్న లైను వచ్చిందంటే మీ ఇంజిన్ చక్కగా పనిచేస్తోందన్నమాట. స్టాక్‌ఫిష్‌కి బోర్డు ఉండదు. అది ఆలోచించే భాగం మాత్రమే. బోర్డు, పావులు, గడియారం చూపించేది వేరే ప్రోగ్రాము. తోలుబొమ్మలాటలో తెర మీద కనబడేది బొమ్మ, ఆడించేవాళ్ళు తెర వెనక ఉంటారు కదా, అలాగన్నమాట. మీరు ఆడించేవాళ్ళని ఇంటికి తెచ్చుకున్నారు, తెర ఇంకా కట్టలేదు.

ఈ రెండూ మాట్లాడుకునే భాష పేరు యూసీఐ. 2000 సంవత్సరంలో స్టెఫాన్ మేయర్-కాలెన్, రుడాల్ఫ్ హూబర్ అనే ఇద్దరు తయారుచేశారు. ఏ బోర్డుకైనా ఏ ఇంజిన్నైనా తగిలించుకోగలుగుతున్నామంటే ఆ భాష పుణ్యమే. ఒక్కసారి మీ చేత్తో ఆ భాష మాట్లాడి చూడండి, భయం పోతుంది. ఆ నల్ల విండోలో చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో యూ, సీ, ఐ అని మూడక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. బోలెడు లైన్లు వచ్చి, చివర యూసీఐ ఓకే అని ఆగుతుంది. అంటే "నేను సిద్ధం" అంది. ఇప్పుడు గో, ఖాళీ, డెప్త్, ఖాళీ, 15 అని కొట్టండి. లైన్లు జరజరా పైకి పోతాయి. ప్రతి లైనులో డెప్త్ అంటే ఎంత లోతు చూసిందీ, స్కోర్ సీపీ అంటే ఎవరిది ఎంత పైచేయి (బంటులో నూరో వంతు లెక్కన), నోడ్స్ అంటే ఇప్పటిదాకా చూసిన స్థితులెన్ని, పీవీ అంటే రెండు వైపులా సరైన ఎత్తులు వేస్తే ఆట నడిచే దారి. చివరికి బెస్ట్ మూవ్ అని ఒక ఎత్తు చెప్పి నిలబడుతుంది. చాలించాలంటే క్విట్ కొట్టండి. బోర్డు ప్రోగ్రాము తెర వెనక రోజంతా చేసేది ఇదే సంభాషణ. మీరు ఎత్తు వేయగానే ఆ స్థితిని ఈ భాషలో ఇంజిన్‌కి పంపుతుంది, జవాబు రాగానే పావు కదుపుతుంది. అంతకుమించి రహస్యమేమీ లేదు.

ఇక మొదటిది, మెరిసి మాయమైన విండో. స్టాక్‌ఫిష్ వాళ్ళు ఒకే ప్రోగ్రాముని రకరకాల ప్రాసెసర్ల కోసం వేరువేరు ఫైళ్ళుగా ఇస్తారు. చాలామంది ముందుగా దించేది ఏవీఎక్స్2 అన్న పేరున్న ఫైలు. ఆ ఏవీఎక్స్2 సూచనలు ఇంటెల్‌లో నాలుగో తరం నుంచి, అంటే 2013లో వచ్చిన హాస్వెల్ చిప్పుల నుంచి ఉన్నాయి. మీది మూడో తరం. ప్రోగ్రాము మొదలై ఆ సూచన ఇవ్వగానే ప్రాసెసర్‌కి అర్థం కాదు, విండోస్ దాన్ని అక్కడికక్కడే మూసేస్తుంది. ఒక్క తప్పు ఫైలు వల్ల ల్యాప్‌టాప్ పనికిరాదనుకోవాల్సి వచ్చింది. ఇలా కొత్త మెషిన్లు కొన్న ఇళ్ళు నాకు తెలుసు, అందుకే మొదటే అంత గట్టిగా చెప్పాను. మీకు కావలసింది పేరులో ఎస్ఎస్ఈ41, పాప్‌సీఎన్‌టీ అని ఉన్న ఫైలు. అది మీ ఐ3 మీద హాయిగా నడుస్తుంది. ఇంకా పాత మెషినైతే ఈ అదనపు పేర్లేవీ లేకుండా 64 బిట్ అని మాత్రమే ఉన్నది తీసుకోవాలి. రెండోసారి మీరు తెచ్చిన ఫైలు నిలబడింది కాబట్టి అది ఈ రెండిట్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. పేరు చూడండి. పాప్‌సీఎన్‌టీ ఉన్నదైతే దాన్నే ఉంచుకోండి, లేకపోతే మార్చండి, వేగంలో తేడా తెలుస్తుంది.

ఫైలు విషయంలో ఇంకో మూడు సంగతులు. డౌన్‌లోడ్ ఎప్పుడూ స్టాక్‌ఫిష్ సొంత సైటు నుంచే చేయండి, వేరే చోట "ఫుల్ వెర్షన్" అని డబ్బులడిగినా, ఇన్‌స్టాలర్ ఇచ్చినా ముట్టుకోవద్దు. స్టాక్‌ఫిష్ పూర్తిగా ఉచితం, జీపీఎల్ లైసెన్సు కింద సోర్సు కోడ్‌తో సహా అందరిదీ. రెండు, జిప్‌ని తప్పకుండా విప్పి, సీ డ్రైవ్‌లో చెస్ అని ఇంగ్లిష్‌లో ఒక ఫోల్డర్ పెట్టి అందులో వేయండి. జిప్ లోపలినుంచే డబుల్ క్లిక్ చేస్తే ఇప్పుడు తెరుచుకున్నా, తర్వాత బోర్డు ప్రోగ్రాము దాన్ని వెతుక్కోలేదు. మూడు, "విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ" అని నీలం పెట్టె అడ్డం వస్తే, ఫైలు సొంత సైటు నుంచి తెచ్చిందేనని మీకు నమ్మకముంటే, మోర్ ఇన్ఫో నొక్కి రన్ ఎనీవే నొక్కండి.

ఇప్పుడు తెర. మీ ఇంటి పరిస్థితికి నేను లూకాస్ చెస్ అంటాను. స్పెయిన్‌కి చెందిన లూకాస్ మొంగే తయారుచేసిన ఉచిత ప్రోగ్రాము. పాత మెషిన్ మీద బరువనిపించదు. స్టాక్‌ఫిష్‌తో పాటు చిన్నా పెద్దా ఇంజిన్లు డజన్ల కొద్దీ దాంట్లోనే వస్తాయి, పిల్లలు ఓడించగలిగేవి కూడా. నిజానికి ఇది పెట్టుకుంటే పైన చెప్పిన ఫైళ్ళ గొడవే ఉండదు. అయినా చెప్పానంటే, రేపు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మీరే మార్చుకోగలగాలని. ఒట్టి బోర్డు, ఇంజిన్ చాలు అనుకుంటే విండోస్‌లో అరేనా ఉంది. ఇంజిన్స్ మెనూలో ఇన్‌స్టాల్ న్యూ ఇంజిన్ నొక్కి, మీ చెస్ ఫోల్డర్‌లో ఉన్న స్టాక్‌ఫిష్ ఫైలు చూపించి, రకం అడిగితే యూసీఐ అనండి, అయిపోయింది. లినక్స్ వాడేవాళ్ళకి ఉబుంటులో స్టాక్‌ఫిష్ ప్యాకేజీగానే దొరుకుతుంది. పాప ఆడిన ఆటలన్నీ ఏళ్ళ తరబడి దాచుకోవాలంటే స్కిడ్ వర్సెస్ పీసీ మంచిది. ఇప్పుడే తొందరేమీ లేదు, ఆటలు వంద దాటాక చూడొచ్చు.

సెట్టింగుల్లో రెండే ముఖ్యం. మొదటిది థ్రెడ్స్, ఎన్ని కోర్లు వాడుకోవాలన్నది. స్టాక్‌ఫిష్ మొదట 1తో వస్తుంది. మీ ఐ3లో కోర్లు రెండు, కాబట్టి 2 పెట్టండి. రెండోది హ్యాష్, ఒకసారి చూసిన స్థితుల్ని మళ్ళీ లెక్కించకుండా గుర్తుపెట్టుకునే చోటు. మొదట 16 ఎంబీ ఉంటుంది, అది చాలా తక్కువ. మీ 4 జీబీలో విండోసే సగం తినేస్తుంది కాబట్టి 256 పెట్టండి, మరీ అయితే 512. ఎక్కువ పెడితే బలం పెరుగుతుందని కొందరు 3000 పెడతారు, అప్పుడు మెషిన్ ర్యామ్ చాలక హార్డ్ డిస్క్‌ని గోకడం మొదలుపెడుతుంది, ఉన్న వేగమూ పోతుంది. పాండర్ అన్నది ఆపేయండి. అది ఎదుటివాళ్ళ వంతులో కూడా ఆలోచిస్తూ మెషిన్‌ని ఊరికే వేడెక్కిస్తుంది. వేడి అంటే గుర్తొచ్చింది, మీ ఊళ్ళో మే నెల సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో లోతుకి 20 అని హద్దు పెట్టండి. రాత్రంతా ఆడనివ్వకండి, పరుపు మీద పెట్టి వాడకండి. పదకొండేళ్ళ పాప ఆటలో తప్పు పట్టుకోవడానికి 20 లోతు అవసరానికి మించే.

ఇంత పాత మెషిన్‌తో సరిపోతుందా అని ఇంకా అనుమానముంటే ఇది చూడండి. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని 3.5–2.5తో ఓడించిన డీప్ బ్లూ ఐబీఎం వాళ్ళ ప్రత్యేకమైన యంత్రం, సెకనుకి 20 కోట్ల స్థితులు చూసేది. మీ ఐ3 అందులో చిన్న ముక్క కూడా చూడలేదు, అయినా దాని మీద నడిచే ఇవాళ్టి స్టాక్‌ఫిష్ ఆడే ఆట డీప్ బ్లూ కన్నా చాలా మెరుగు. ఎన్ని చూశామన్నదాని కన్నా ఏది చూడక్కర్లేదో తెలుసుకోవడంలో, చూసిన స్థితిని సరిగ్గా తూచడంలో ఈ పాతికేళ్ళలో వచ్చిన తేడా అది. నార్వేకి చెందిన టోర్డ్ రోమ్‌స్టాడ్ రాసిన గ్లౌరుంగ్ అనే ఇంజిన్‌ని తీసుకుని ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా 2008లో స్టాక్‌ఫిష్ మొదలుపెట్టాడు. నార్వేలో ఎండబెట్టిన చేప ఇటలీలో వంటకమైనట్టు, అందుకే ఆ పేరు. 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే ఏర్పాటు ఉంది. ఎవరైనా కోడ్‌లో చిన్న మార్పు తెస్తే, ప్రపంచమంతా స్వచ్ఛందంగా ఇచ్చిన కంప్యూటర్ల మీద పాతదీ కొత్తదీ వేలకు వేల ఆటలు ఆడతాయి, గెలిస్తేనే ఆ మార్పు లోపలికి వెళ్తుంది. 2020లో ఎన్ఎన్‌యూఈ అనే చిన్న న్యూరల్ నెట్‌వర్క్ చేరింది. దాన్ని మొదట జపాన్‌లో షోగి ఆట కోసం యూ నాసు కనిపెట్టాడు. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేకుండా మామూలు ప్రాసెసర్ మీద పరిగెత్తడం దాని ప్రత్యేకత. మీ ల్యాప్‌టాప్‌కి కలిసొచ్చింది అదే. హంపి గారు గ్రాండ్‌మాస్టర్ అయిన 2002లో మంచి ఇంజిన్ అంటే డబ్బు పెట్టి కొనాల్సిన సీడీ. ఇవాళ వరంగల్ అర్జున్ ఎరిగైసి స్థాయి ఆటగాళ్ళకి అందుబాటులో ఉన్న స్టాక్‌ఫిష్, మీ అమ్మాయి చేతిలో ఉన్న స్టాక్‌ఫిష్ ఒక్కటే ప్రోగ్రాము. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది.

ఇంతవరకూ పెట్టుకోవడం. వాడుకోవడం గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పాల్సింది ఎక్కువ అక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

చాలా ఏళ్ళ క్రితం నా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు, చురుకైనవాడు. ఇంజిన్ చెప్పిన ఎత్తుల్ని నోటుబుక్కులో రాయించి కంఠతా పట్టించాను. టోర్నమెంట్‌లో పద్నాలుగు ఎత్తులు గడియారం చూడకుండా వేశాడు. పదిహేనో ఎత్తుకి ఎదుటి పిల్లాడు పుస్తకంలో లేని నాసిరకం ఎత్తు వేశాడు. మావాడు ఇరవై అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, తర్వాత పది ఎత్తుల్లో ఓడిపోయాడు. బయటికొచ్చి "సార్, ఆ ఎత్తు మన బుక్కులో లేదు" అన్నాడు. వాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తు. తప్పు నాది. ఇంజిన్ ఏ ఎత్తు అని చెబుతుంది, ఎందుకు అన్నది చెప్పదు. ఆ ఎందుకుని మనం పిల్లల చేత తవ్వించాలి. అప్పటినుంచి పద్ధతి మార్చేశాను.

పద్ధతి ఇది. టోర్నమెంట్ నుంచి వచ్చాక స్కోరుషీట్ చూసి పాపే ఆటని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, ఇంజిన్ ఆపి ఉంచి. ఎక్కిస్తూ, ఎక్కడ భయమేసింది, ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించింది, ఏ ఎత్తు వేద్దామనుకుని మానేసింది అన్నవి తెలుగులోనే రెండు మూడు ముక్కలు రాయాలి. ఆ తర్వాతే ఇంజిన్ ఆన్ చేయాలి. ఆట మొత్తం కాదు, స్కోరు మొదటిసారి పెద్దగా పడిపోయిన ఒక్క చోటే చూడండి. అక్కడ ఇంజిన్ ఎత్తుని మెచ్చుకోవడంతో ఆగకుండా, పాప వేసిన ఎత్తునే మళ్ళీ బోర్డు మీద వేసి, ఇంజిన్ దాన్ని ఎలా శిక్షిస్తుందో చూడాలి. పాఠం ఆ శిక్షలో ఉంటుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను, మీ అమ్మాయి వయసు పిల్లల ఆటల్లో తరచూ వచ్చేదే. (రూక్, బిషప్ అని ఇంగ్లిష్ పేర్లే వాడుతున్నాను. మన దగ్గర ఒక ఊళ్ళో ఏనుగన్నది ఇంకో ఊళ్ళో శకటం అవుతుంది, తికమక వద్దని. ఈ4, ఎఫ్3 లాంటివి బోర్డు మీద గళ్ళ పేర్లు.) తెల్ల ఈ4, నల్ల ఈ5. తెల్ల గుర్రం ఎఫ్3, నల్ల గుర్రం సీ6. తెల్ల బిషప్ సీ4, నల్ల గుర్రం ఎఫ్6. ఇప్పుడు తెల్ల గుర్రం జీ5కి దూకి ఎఫ్7 బంటు మీద కన్నేస్తుంది. నల్ల డీ5 తోస్తుంది, తెల్ల ఈ బంటుతో దాన్ని కొడుతుంది. నా దగ్గరికొచ్చే పిల్లలు ఇక్కడ నల్ల గుర్రంతో డీ5 బంటుని తిరిగి కొట్టేస్తారు. "బంటుకి బంటు, లెక్క సరిపోయింది కదా సార్" అంటారు. ఇంజిన్‌లో మల్టీపీవీ అనే సెట్టింగ్‌ని 3 చేసి ఆ ముందు స్థితిలో పెట్టి చూడండి. మూడు దారులు పక్కపక్కనే చూపిస్తుంది. పైన ఉండేది గుర్రాన్ని ఏ5కి పంపి బిషప్‌ని బెదిరించడం. బంటు తిరిగి రాదు, అయినా స్కోరు సమానానికి దగ్గరగానే ఉంటుంది. గుర్రంతో కొట్టే ఎత్తు దగ్గర మాత్రం తెల్లకి స్పష్టమైన పైచేయి కనబడుతుంది.

ఇక్కడ ఆగిపోతే పాపకి మిగిలేది "ఏ5 కరెక్ట్" అన్న బట్టీ ఒక్కటే. ఆగకుండా గుర్రంతో కొట్టించండి. తర్వాత తెల్ల వైపు గుర్రాన్ని ఎఫ్7 మీద బలిచ్చి చూడండి. రాజు కొట్టక తప్పదు. మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ చెబుతుంది, అదే దెబ్బలో డీ5 గుర్రం మీద కూడా పడుతుంది. గుర్రాన్ని నిలుపుకోవాలంటే నల్లరాజు ఈ6కి, బోర్డు నడిమధ్యకి నడవాలి. తెల్ల రెండో గుర్రం సీ3కి వచ్చి అదే డీ5 మీద ఇంకో బరువు వేస్తుంది. ఇప్పుడు పాపని అడగండి, నల్లరాజు పక్కన నిలబడ్డ కాపలా ఎవరు, ఎంతమంది ఇంకా ఇంట్లోంచి కదల్లేదు అని. తను వేలు పెట్టి లెక్కపెడుతుంది. ఆ తర్వాత ఏ5 దారిలోకి తిరిగి వెళ్ళి, ఒక బంటు పోయినా నల్ల పావులు ఎంత త్వరగా బయటికొస్తున్నాయో అవే వేళ్ళతో లెక్కపెట్టమనండి. బంటు కన్నా సమయం విలువైన చోట్లు ఉంటాయని నేను పది క్లాసుల్లో చెప్పినా ఎక్కనిది ఆ పావుగంటలో ఎక్కుతుంది.

స్కోరు చదవడంలో ఒక జాగ్రత్త. +0.30 ఎత్తు ఒప్పు, +0.20 ఎత్తు తప్పు అని పిల్లలు అనుకుంటారు. అంత చిన్న తేడాలు ఇంకో రెండు లోతులు వెళ్తే తారుమారవుతాయి, వాటిని వదిలేయండి. స్టాక్‌ఫిష్ 15.1 నుంచి +1.00 అంటే ఆ స్థితి నుంచి గెలిచే అవకాశం సగం అని కొలత పెట్టారు. అది కూడా ఇంజిన్ తనతో తాను ఆడుకునే స్థాయిలో. మీ అమ్మాయి ఆటలో ఒకటిన్నర, రెండు పడిపోయిన చోట్ల కోసమే వెతకండి. ఇంకొకటి, ప్లస్ అంటే తెల్ల మేలనే ఎక్కువ బోర్డుల్లో ఉంటుంది, కొన్నిట్లో మాత్రం ఎవరి వంతైతే వాళ్ళ వైపు నుంచి చూపిస్తారు. నల్ల వంతులో ఒకసారి సరిచూసుకోండి.

0.00 మరీ మోసం చేస్తుంది. రూక్ ఎండ్‌గేములో (రూక్‌లు, కొద్ది బంట్లే మిగిలిన ఆట చివరి ఘట్టంలో) ఫిలిడోర్ స్థితి అని పేరున్నది పెట్టి చూడండి. నల్లరాజు ఈ8, నల్ల రూక్ బీ6. తెల్లరాజు డీ5, బంటు ఈ5, రూక్ ఏ7. నల్ల వంతు. ఇంజిన్ ఒకటికి మించి ఎత్తుల పక్కన 0.00 వేస్తుంది, అన్నీ డ్రాయే. కానీ వాటిలో పదకొండేళ్ళ పిల్ల గడియారంలో రెండు నిమిషాలుండగా ఆడగలిగింది ఒకటే. రూక్‌ని ఆరో వరస మీదే అటూ ఇటూ జరుపుతూ ఉండాలి, బంటు ఈ6కి తోసిన మరుక్షణం కిందికి మొదటి వరసకి దిగి వెనకనుంచి చెక్‌లు చెప్పాలి. రాజు దాక్కోడానికి బంటు ముందు చోటు ఉండదు. మిగతా దారుల్లోనూ డ్రా ఉండొచ్చు, తోవ తప్పడం చాలా సుళువు. ఏది మనిషికి తేలికో ఇంజిన్ లెక్కలో ఉండదు. అది కోచ్ గారి పని, మీ అమ్మాయి పని.

ఎండ్‌గేముల మాట వచ్చింది కాబట్టి, టేబుల్‌బేస్ గురించి ఎవరైనా చెబితే కంగారు పడకండి. బోర్డు మీద కొన్నే పావులు మిగిలినప్పుడు కచ్చితమైన ఫలితం ముందే లెక్కగట్టి దాచిన ఫైళ్ళవి. రొనాల్డ్ డి మాన్ తయారుచేసిన సిజిజీ ఫైళ్ళలో అయిదు పావుల దాకా సుమారు 1 జీబీ, ఆరు పావులకి 150 జీబీ దరిదాపు, ఏడు పావులకి 16 టీబీ పైమాటే. మీకు అవేవీ అక్కర్లేదు. లీచెస్ అనే ఉచిత చెస్ సైటులో విశ్లేషణ బోర్డు తెరిస్తే ఏడు పావుల దాకా ఉచితంగానే చూసుకోవచ్చు.

పాప ఇంజిన్‌తో ఆడతానంటుంది కదా, తప్పకుండా అంటుంది. పూర్తి బలంతో ఉన్న స్టాక్‌ఫిష్‌తో మాత్రం ఆడనివ్వకండి. దాన్ని ప్రపంచ ఛాంపియన్లూ గెలవలేరు, పసిమనసుకి రోజూ ఓటమి మిగులుతుంది. స్కిల్ లెవెల్ అని 0 నుంచి 20 దాకా తగ్గించుకునే సెట్టింగ్ ఉంది, లేదా ఈలో (ఆటగాళ్ళ బలం చెప్పే రేటింగ్) అంకె 1320 నుంచి 3190 మధ్య పెట్టుకోవచ్చు. కానీ తగ్గించిన స్టాక్‌ఫిష్ ఆట వింతగా ఉంటుంది. పది ఎత్తులు గట్టిగా ఆడి, ఉన్నట్టుండి ఒక గుర్రాన్ని ఊరికే ఇచ్చేస్తుంది. మనుషులు అలా తప్పు చేయరు. దానితో ఆడి ఆడి పిల్లలు "ఎప్పుడో ఒకటి ఇచ్చేస్తుందిలే" అని కాచుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంటారు. నాకు మాయా నచ్చింది. లీచెస్‌లో మామూలు మనుషులు ఆడిన ఆటలు చూపించి, ఏ రేటింగ్ వాళ్ళు ఏ ఎత్తు వేస్తారో నేర్పిన న్యూరల్ నెట్‌వర్కు అది. 1100 నుంచి 1900 వరకూ తొమ్మిది మెట్లలో ఉంది. బరువైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ముందుకు లెక్క వేయకుండా చూడగానే ఎత్తు వేస్తుంది కాబట్టి మీ ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. లూకాస్ చెస్‌లో ఇంజిన్ల జాబితాలోనే ఉంటుంది. 1100తో మొదలుపెట్టి, వరసగా మూడు గెలిస్తే మెట్టు పెంచండి. అది చేసే తప్పులు పక్కింటి పిల్లాడు చేసే తప్పుల్లాగే ఉంటాయి, అందుకే పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ ఖాళీ లేని రోజు ఆండ్రాయిడ్ ఫోనులో డ్రాయిడ్‌ఫిష్ పెట్టుకోండి. బోర్డూ స్టాక్‌ఫిష్షూ రెండూ దాంట్లోనే ఉంటాయి, డబ్బులు లేవు. బస్సులో ఒక ఆట చూసుకోవడానికి చాలు. చిన్న తెర మీద ఎక్కువసేపు మాత్రం వద్దు.

ఆన్‌లైన్‌లో ఎవరితోనైనా ఆడుతున్నప్పుడు ఇంజిన్ తెరిచి ఉండకూడదని పాపకి ఇప్పుడే, మెత్తగా, స్పష్టంగా చెప్పండి. సైట్లు పట్టుకుని ఖాతా మూసేస్తాయన్న భయంతో కాదు. ఎదుట కూర్చున్నది తనలాంటి పిల్లే అని తెలియాలి. టోర్నమెంట్ హాల్లో ఫోను సంగతి ఇంకా కఠినం. అనుమతి లేని ఎలక్ట్రానిక్ వస్తువు ఆటగాళ్ళ దగ్గర ఆట సాగుతుండగా కనబడితే, అంతకన్నా తేలిక శిక్ష ఉంటుందని నిర్వాహకులు ముందే చెప్పి ఉండకపోతే, ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) నియమాల ప్రకారం ఆ ఆట పోయినట్టే. సంచిలో మర్చిపోయి కూడా తీసుకెళ్ళకూడదు. మీ ఫోను కూడా పాప సంచిలో పెట్టి పంపకండి.

ఇవాళ సాయంత్రం లూకాస్ చెస్ పెట్టి, థ్రెడ్స్ 2, హ్యాష్ 256 చేసి, పాప ఆఖరి టోర్నమెంట్ ఆట ఒక్కటి ఎక్కించండి. ఎక్కడైనా విండో మళ్ళీ మెరిసి మాయమైతే స్టార్ట్ మెనూలో సీఎండీ తెరిచి, ఆ ఫైలుని అందులోంచి నడపండి. అప్పుడు మూసుకుపోకుండా ఆఖరి లైను తెర మీద నిలుస్తుంది. ఆ లైనూ, మీ ప్రాసెసర్ పూర్తి పేరూ, మీరు దించుకున్న ఫైలు పేరూ ఇక్కడ రాయండి. ఏ ఫైలు కావాలో చూసి చెబుతాను.